‘సోది’ యను మాట

ప్రొద్దుటూరులో మా బంధువుల యింట ఒక మధ్యాహ్నము భోజనమునకు కూర్చుంటిమి. ఇంటి యిల్లాలు వడ్డించుచు, తొమ్మిదేండ్ల తన చిన్న కుమార్తెను గూర్చి యేదో చెప్పబూనెను. ఆమె చెప్పుట ముగ్గుతో మొదలైనది. పిల్ల పెట్టిన చుక్కలు వరుస తప్పుచున్నవట. అక్కడినుండి కథ చేటలోని బియ్యమునకు పోయినది. రాళ్ళేరుమన్న, పిల్ల మంచి గింజలనే యేరి పారవేసినదట. అక్కడినుండి పండుగకు మేనమామ వచ్చుట, వీథి మొగనుండి ఆయన చేయి యూపినను పిల్ల చూచి చూడనట్లు నిలుచుట, దానిని పొగరనుకొని ఆయన నొచ్చుకొనుట. కథ యింతవఱకు వచ్చునప్పటికి గృహస్థు కంచమునుండి తలయెత్తి, "మళ్లా మొదలుపెట్నావా నీ సోది? పనేందో చెప్పు. లేకుంటే మజ్జిగ పొయ్యి" అనెను. ఆమె మజ్జిగ పోసెను. పంక్తిలోనివారందఱు నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ నవ్వునకు మేము చెల్లించుచున్న అపరాధ రుసుమే యీ వ్యాసము.

రెండక్షరముల మాట. అంతులేక సాగి విసుగు పుట్టించు పలుకునకు తెలుగునాట దీనికంటె చేతికందుబాటులోనున్న పేరు మఱియొకటి లేదు. సభలో ఉపన్యాసము నచ్చకున్న సోది. దీర్ఘమైన ఉత్తరము సోది. నూఱుపుటలు దాటిన నవల సోది. దీనిని నోటనుంచుకొని తిరుగువారిలో, ఇది యొకప్పుడు ఒక వృత్తికి పేరనియు, ఆ వృత్తిచే బ్రదికినవారు స్త్రీలనియు స్మరించువారు ఎందఱో మాకు సందేహమే.

ఎరుకల స్త్రీ నెత్తిన బుట్టతో, చంకన బిడ్డతో, చేత సన్నని కఱ్ఱతో వీథివెంట కేక వేయుచు వచ్చుట పెద్దలు చూచియుందురు. ఇంటివారు పిలిచినచో అరుగుమీద కూర్చుండెడిది. చేటలో బియ్యము పోయవలెను. అడుగవచ్చిన ఇల్లాలి చేతిని తన చేతిలోనికి తీసికొని, కఱ్ఱను తాకించి, తనకు తెలిసిన దేవతలందఱిని పేరుపేరున పిలుచును. కంచిలో వెలసిన తల్లి, మధురలో వెలసిన తల్లి, బెజవాడ కొండమీది తల్లి, ఊరి పొలిమేరలోని యమ్మ, ఇంటి వేలుపు, అందఱును రావలెను. ఆ పిలుపు ముగిసిన పిదపగాని అసలు మాట మొదలుకాదు. నీ మనసులో ఒక చింత యున్నదనును. ఉండక యేమి? అది మగవాని చింతా, బిడ్డ చింతా, సొమ్ము చింతా యని మెల్లమెల్లగా చుట్టును బిగించుకొనుచు వచ్చును.

దీనిని తక్కువగా చూచిన కాలము కాదది. శ్రీనివాసుడు పద్మావతిని పెండ్లాడగోరి, ఎరుకలసాని వేషమున ఆకాశరాజు ఇంటికి పోయి సోది చెప్పెనని తిరుపతి కథ. దేవుని కడపను తిరుమలకు తొలిగడపగా నెంచు ఈ సీమలో ఆ కథ నెఱుగనివారు లేరు. అనేక యక్షగానములలో ఎరుకత పాత్ర గలదు. కురవంజి యను నాటకజాతికి ఆమెవలననే పేరు వచ్చినది. దేవుడు వేసిన వేషమును మనము తిట్టుగా మార్చుకొంటిమి.

ఈ మార్పును వ్యాకరణమే పట్టి యిచ్చుచున్నది. వెనుక ‘సోది చెప్పించుకొనుట’ యనెడివారు. చెప్పించుకొనువారు తామై పిలిచి, పీట వేసి, గింజలు పోసి వినెడివారు. విన్నంతసేపును వారికి అక్కఱయే. నేడు ‘సోది కొట్టుట’, ‘సోది పెట్టుట’ యనుచున్నాము. వినువాడు అడుగనేలేదు, దెబ్బ తిన్నవానివలె కూర్చున్నాడు. మాట మాఱలేదు, క్రియ మాఱినది. దానితో వినువానికి గల పూచీ యంతయు జారిపోయినది. విసుగు వినువాని చెవిలో పుట్టినదా, చెప్పువాని నోట పుట్టినదా యని విచారించు పనియే లేకపోయినది.

సామెత యొక్కటి మాత్రము పాత యర్థమును దాచియుంచినది. సోదికి పోతే పాత బాగోతము బయటపడినదందురు. ఇంటింట ఈ సామెత వాడుచునే, సోది యనగా ఊరక సాగు మాట యని యెట్లు నమ్ముచున్నామో! సామెతలోని సోది ఊరకది కాదు. దాచినదానిని బయట పెట్టునది. అందుచేతనే దానికి జనులు వెఱచిరి.

ఇక్కడ మా పక్షమువారి పాలును ఒప్పుకొనవలెను. 1874లో వివేకవర్ధని నెలకొల్పిన వీరేశలింగము పంతులుగారు మొదలు, సంఘసంస్కారము కోరినవారందఱును సోదిని, శకునమును, చేతబడిని ఒక్క గాటన గట్టి ఖండించిరి. ఖండింపవలసినదే. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునియొద్దకు కొంపోక సోది యడిగి మొక్కులు మొక్కి పోగొట్టుకొన్న తల్లులు ఎందఱో కలరు. సోదిలో భవిష్యత్తు గలదని మేము నేడును చెప్పము. కాని ఒక మూఢవిశ్వాసమును తీసివేయబూని, దానిని చెప్పిన మనిషిని కూడ నవ్వులపాలు చేసితిమి. విశ్వాసము సగము మిగిలియేయున్నది. జాతకములు ముద్రించు పత్రికలు, ముహూర్తములు చూచు పట్టభద్రులు తక్కువయైరా? పోయినది బుట్ట నెత్తిన పెట్టుకొని వచ్చిన ఆడుదాని గౌరవము మాత్రమే.

ఆ గౌరవము పోవుటకు వేఱు కారణములును గలవు. ఎరుకలవారు బుట్టలల్లుటతో పాటు, గాడిదలపైనను ఎద్దులపైనను ఉప్పును లోనాడులకు తెచ్చి ధాన్యమునకు మార్చుచుండెడివారు. మద్రాసునుండి బయలుదేరిన ఇనుపదారి కడప, ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరుల మీదుగా సాగి 1871 నాటికి రాయచూరు చేరినది. ఉప్పు బండియెక్కినది, గాడిదబేరము చచ్చినది. ఆ 1871లోనే ఉత్తరహిందూస్థానమున నేరస్థజాతుల చట్టము పుట్టినది. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చినది. పుట్టుకతోనే దొంగలని ఎరుకలవారిలో అనేకులను పట్టికలకెక్కించి, స్టూవర్టుపురము వంటి సెటిల్మెంట్లలో ఉంచిరి. 1952లో ఆ చట్టము రద్దయినది. చట్టము రద్దయినను మాట రద్దుకాలేదు. జాతిని దొంగయని వ్రాసిన దొరతనము పోయినది గాని, ఆ జాతి యాడుదాని పలుకును విసుగునకు మాఱుపేరుగా వాడుకొను మనము పోలేదు.

మేము చెప్పునది అతిశయోక్తియని తోచువారు ఈ జిల్లాలోనే మఱియొక భవిష్యద్వాణిని తలచుకొందురుగాక. కందిమల్లాయపల్లెలో సమాధియైన పోతులూరి వీరబ్రహ్మముగారు రానున్నదానిని చెప్పిరని జనులు నమ్ముదురు. ఆ పలుకులను రాత్రులు తెల్లవాఱువఱకు పాడుదురు, వినుదురు. దానికి ‘కాలజ్ఞానము’ అని పేరు. దూదేకుల సిద్ధయ్యను శిష్యునిగా చేర్చుకొని కులభేదమును కాదన్న ఆ మహనీయునియెడ మాకు గల గౌరవము తక్కువది కాదు. మే మడుగునది యొక్కటే. రానున్నదానిని పురుషుడు చెప్పిన కాలజ్ఞానము, స్త్రీ చెప్పిన సోది యెట్లయినది? నిడివియే దోషమైనచో రెండింటికిని ఒకే పేరు రావలసినది గదా!

జమ్మలమడుగు వైపునకు పోదము. అంతులేక సాగు వ్యవహారమునకు అంతకంటె మంచి యుదాహరణము మాకు దొరకదు. అక్కడ ఉక్కు కర్మాగారమునకు 2007లో ఒకమాఱు శంకుస్థాపన జరిగినది. 2014లో రాష్ట్రవిభజన చట్టము, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారము సాధ్యాసాధ్యములను ఆఱు నెలలలో పరిశీలింపవలెనని వ్రాసినది. 2018లో మైలవరము మండలము కంబాలదిన్నెలో మఱియొక ఱాయి. 2019లో సున్నపురాళ్ళపల్లెలో ఇంకొక ఱాయి. 2023లో అక్కడనే వేఱొకటి. ఆఱునెలలని వ్రాసిన మాటకు ఎన్ని యాఱునెలలు గడచెనో చదువరులే లెక్కించుకొనవచ్చును. ఇన్ని ప్రసంగములలో, ఇన్ని నివేదికలలో ఒక్కదానినైన సోది యని యెవరైన అన్నారా? అనలేదు. దానికి పేర్లు వేఱు: పరిశీలన, ప్రక్రియ, ప్రతిపాదన. పేరు సంస్కృతమైనచో విసుగును మర్యాదగా భరింతుము.

ఆ ప్రాంతమందే, గండికోట జలాశయమున నీరు నిలుపగా 2020లో కొండాపురము మండలములోని తాళ్ళప్రొద్దుటూరు మునిగినది. అట్టి యూరిలోని ఒక స్త్రీ తాను పోగొట్టుకొన్నదానిని ఒక కచేరిలో చెప్పవలసివచ్చినదనుకొందము. ఆమె యెక్కడ మొదలుపెట్టును? సర్వే నెంబరుతో మొదలుపెట్టదు. అత్త కట్టించిన గాదెతోనో, వాకిట వేపచెట్టుతోనో, కాన్పు జరిగిన గదితోనో మొదలుపెట్టును. ఆమెకు నష్టము ఆ వరుసలోనే యున్నది. బల్లకావల కూర్చున్నవాడు గడియారము చూచి, "సోదంతా వద్దమ్మా, కాగితం ఉందా లేదా?" అనిన యెడల, అతడు కాలము మిగుల్చుకొన్నట్లు తలచును. కాగితములో ఇంటి కొలత యుండును. గాదె యుండదు.

విసుగునకు మాటలు లేక ఈ మాటను వాడుచున్నామా యన్న, లేకపోలేదు. సాగుమాటలను పేర్కొనుటలో తెలుగు దరిద్రము కాదు. ‘ఊకదంపుడు’ ఉన్నది. ఎంత చక్కని మాట! రోకలి లేచుచున్నది, పడుచున్నది, చెమట కాఱుచున్నది. రోటిలో గింజ లేదు. దోషమెక్కడనో ఆ మాటయే చూపుచున్నది. దానివలన ఎవరికిని నిందలేదు. తీయగానే యుండి పండ్లకు అంటుకొని తెగక సాగుదానికి ‘జీడిపాకము’. ఆఱని తగవునకు ‘రావణకాష్ఠము’. అన్నదమ్ముల పంపకము వ్యాజ్యమై, తాత వేసిన దావాకు మనుమడు వాయిదాకు పోవు కుటుంబములు ఈ సీమలో మే మెఱిగినవే యున్నవి, వారికా మాట సరిగా సరిపోవును. ‘చేంతాడు’ మాత్రము మాకు అంతగా నచ్చదు. కొండవీటి చేంతాడని గుంటూరువారి పలుకును మనమును పలుకుచున్నాము గాని, కడపసీమలో చేంతాటి పొడుగును ఎగతాళి చేయుట మనకు తగునా? పులివెందుల ప్రాంతమున బావులు ఎండి, నీరు పాతాళమునకు దిగిన యేండ్లలో తాడు పొడుగైనకొలది చేదినవారి చేతులు కాయలు కాచినవి. ఆ పొడుగు విసుగు కొఱకు కాదు, తుదిని నీరున్నదని.

నిడివిలో రెండు జాతులున్నవని ఆ తాడే చెప్పుచున్నది. విమర్శకుల పని వాటిని వేఱుచేయుట. ఆ పని చేయక సోది యని ఒక్క మాటతో పుస్తకమును మూసివేయుట మా పత్రికలోను జరుగలేదని మే మనజాలము. ప్రొద్దుటూరులో చిరకాలము నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారి ‘శివతాండవము’లో మాట మఱలమఱల వచ్చును, లయ మఱలమఱల తిరుగును, దానిని విసుగన్న రసికుని మేము చూడలేదు. మఱి స్త్రీలు వ్రాసిన కథలో వంట మఱలమఱల వచ్చినచో ‘వంటింటి సాహిత్యము’ అని ముఖము చిట్లింతురు. వంట ఆమె జీవితములో దినమునకు మూడుమాఱులు వచ్చుచున్నది. కథలో రెండుమాఱులు వచ్చుట దోషమా? కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘గృహలక్ష్మి’లో వ్రాసిన ‘శారదలేఖలు’ స్నేహితురాలికి వ్రాయు ఉత్తరముల తీరున, ఇంటి ముచ్చటలనుండి సంఘపు ముచ్చటలలోనికి నడచినవి. ఆ నడకయే వాటి బలము. తిన్నగా సంస్కరణోపన్యాసమే వ్రాసియున్న, వాటిని వంటింటిలో పొయ్యిప్రక్కన ఎవరు చదివియుందురు?

అయినను పనికిమాలిన నిడివి యని యొకటి యున్నదని మఱవరాదు. స్త్రీ వ్రాసినంతమాత్రమున సాగదీసినది సాగదీసినది కాకపోదు. వారపత్రికలలో విడతకింత యని కొలిచి వ్రాసిన నవలలు, నేడు దూరదర్శనములో నాయిక కన్నీరు తుడుచుకొనుటకు మూడు దినములు పట్టు ధారావాహికలు, జీడిపాకములే. వాటిని జీడిపాకమనుటకు మాకు జంకు లేదు. ఈ వ్యాసమును కూడ ఎవరైన అట్లన్నచో వాదింపము. కాని ఊకయెక్కడో చూపి యనవలెను.

మొన్న పులివెందులలో ఒక సందు మొగదల బుట్టలమ్ముచున్న ముసలి ఎరుకల స్త్రీని చూచి, చేట యొకటి బేరమాడుచు, సోది చెప్పుదువా యని యడిగితిమి. ఇరువదియేండ్ల క్రిందటనే మానితిననెను. మనుమరాలు పట్టణములో చదువుచున్నదట. నాయనమ్మ సోదెమ్మ యని తోడిపిల్లలు ఎగతాళి చేయుదురని ఆ పిల్ల మానిపించినదట. "మీరు సోది అంటే ఊరికే వాగేదని అంటాండారంట గదా సామీ" యని ఆమెయే మమ్మడిగెను. మేము నీళ్ళు నమిలితిమి. అప్పుడామె నవ్వి, "మా సోదికి చేటెడు గింజలు పోస్తాండిరి. మీ సోదికి ఎవురు పోస్తారు?" అనెను. సభలలో మాటాడువారము గావున ఆ ప్రశ్న మాకు తగిలినది.

దేవతల నందఱిని అంతసేపు పిలుచుట యెందులకని యడిగితిమి. దానికామె చెప్పిన మాటను ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము. "నాకేం తెలుసు సామీ? తెలిసిందంతా ఆయమ్మ కాడనే ఉంటాది. వచ్చి కూచున్న పళంగా చెప్తాదా? చెప్పదు. నేను పేర్లు పలకతా ఉంటా. ఆయమ్మ చెయ్యి నా చేతిలో ఉంటాది. పలకంగ పలకంగ ఒక పేరు కాడ చెయ్యి వణకతాది. కంట్లో నీళ్ళు తిరగతాయి. అంతవరకు పలకల్ల."

మహిమ లేదని ఆమెయే ఒప్పుకొన్నది. మిగిలినదేమి? ఒక స్త్రీ తన చింతను నోట పెట్టుటకు కావలసినంత కాలము మఱియొక స్త్రీ ఆమె చేయి పట్టుకొని కూర్చుండుట. దానికి చేటెడు గింజలు వెల. ఇంటిలో అత్తకు వినుటకు తీఱిక లేదు, మగనికి ఓపిక లేదు, పుట్టింటికి దారి లేదు. అరుగుమీది ఆ గడియ యొక్కటే ఆ యిల్లాలికి మిగిలినది. మేము ఆ గడియను మూఢత్వమని తీసివేసితిమి. దాని స్థానమున ఏమి పెట్టితిమి?

మేము చేటను కొని, దారిలో ప్రొద్దుటూరున దిగితిమి. మొదటిమాఱు మజ్జిగ పోయించుకొన్న నాటికి మూడు నెలలైనది. ఇల్లాలు సాయంకాలము అరుగుమీద చెనక్కాయలు ఒలుచుచుండెను. ఆనాడు చిన్నదానిని గూర్చి చెప్పబోయినది ముగించుమని మేము కోరితిమి. ఆమె మొదట నమ్మలేదు. లోపల కుర్చీలో పత్రిక చదువుకొనుచున్న మగని వైపు చూచెను. పిదప చెప్పెను. మఱల ముగ్గుతోనే మొదలుపెట్టెను, బియ్యము వచ్చెను, మేనమామ వచ్చెను. ఈమాఱు కథ బడికి పోయినది. బల్లమీది వ్రాతను పిల్ల ప్రక్కపిల్ల పలకలో చూచి యెక్కించుకొనుచున్నదట. దొంగచూపులని అయ్యవారు గోడకుర్చీ వేయించిరట. రెండుమాఱులు. పిల్లకు దూరము కనుపించుటలేదని ఆమె చివరను, చెనక్కాయల పొట్టు దులుపుకొనుచు చెప్పెను. తానీ సంగతిని మూడుమాఱులు చెప్పబోయితిననియు, ప్రతిమాఱును మేనమామ దగ్గఱనే ఆగిపోయినదనియు చెప్పెను.

లోపల పత్రిక పుట తిరుగుట ఎప్పుడు నిలిచినదో మేము గమనింపలేదు. మఱునాడు ప్రొద్దున తండ్రియే పిల్లను కంటివైద్యునియొద్దకు కొంపోయెను.

అద్దములు వచ్చిన దినమున పిల్ల వానిని పెట్టుకొని మిద్దెయెక్కినదట. ఎదుటి వేపచెట్టునకు ఆకులు విడివిడిగా నున్నవని తల్లిని పిలిచి చెప్ప మొదలుపెట్టినదట. ఒక్కొక్క కొమ్మను చూపుచు, ఒక్కొక్క కాకిని లెక్కించుచు, చీకటి పడువఱకు చెప్పుచునే యున్నదట.